వన్ పీస్ పూర్తిచేయాలి. ఫ్యాన్స్ చేసిన ఫిల్లర్ గైడ్లను ఎంతవరకు నమ్మొచ్చు?

గడ్డిటోపీ_కొత్తది:

అందరికీ నమస్కారం. మా తమ్ముడి పోరు పడలేక వన్ పీస్ అనే జపాన్ యానిమే (కార్టూన్ సిరీస్) మొదలుపెట్టాను. అలబాస్టా అనే కథాభాగం అయిపోయింది, 130వ ఎపిసోడ్ దగ్గర ఆగాను. నచ్చలేదని కాదు, చాలా నచ్చింది. కానీ పాప నిద్రపోయాక నాకు దొరికేది ఒక్క గంట. ఆ గంటలో రెండు ఎపిసోడ్లు చూడటమే గగనం. ముందున్నవి చూస్తే ఇంకా వెయ్యి. అది తలుచుకుంటేనే నీరసం వస్తోంది.

ఏవి వదిలేయొచ్చో ఫ్యాన్స్ తయారుచేసిన గైడ్లు ఉన్నాయని తెలిసి వెతికాను. 131 నుంచి 143 దాకా ఫిల్లర్ (అసలు కథలో లేకుండా యానిమేవాళ్లు కలిపినవి) అని అన్నీ ఒకే మాట చెబుతున్నాయి. ఆ తర్వాతే గందరగోళం. ఒకదాంట్లో 'మిక్స్‌డ్' (కొంత అసలు కథ, కొంత ఫిల్లర్) అని ఉన్నది ఇంకోదాంట్లో ఫిల్లర్. ఒకచోట వదిలేయమన్నవాటిని మరోచోట 'ఇవి మాత్రం చూడండి' అంటున్నారు. మధ్యలో వన్ పేస్ అని ఇంకేదో చెబుతున్నారు, అదేంటో అర్థం కాలేదు. తమ్ముణ్ణి అడిగితే 'ఒక్కటి వదిలినా చూసినట్టు కాదక్కా' అంటాడు. వాడికేం, కాలేజీ కుర్రాడు.

గైడ్ పట్టుకుని చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఇది అయ్యాక నరూటో షిప్పూడెన్ అనే ఇంకో సిరీస్ కూడా చూడాలని ఉంది, దానికీ ఇదే పద్ధతి పనికొస్తుందా? కథలో ముందేం జరుగుతుందో మాత్రం దయచేసి చెప్పకండి.

రాత్రి_రెండు_గంటలు:

131–143 హాయిగా వదిలేయండి అక్కా. 196–206 మాత్రం వదిలారంటే మీ తమ్ముడి పక్షాన నేనూ చేరతాను. ఫిల్లరే, ఐనా చూడాల్సిందే.

జోరో_దారి_తప్పాడు:

గడ్డిటోపీ గారూ, గైడ్లు ఒకదానికొకటి పొసగకపోవడానికి కారణం ఉంది. ఫిల్లర్ లిస్ట్ చెప్పేది ఒకే ఒక్క విషయం: ఈ కథ మాంగాలో (యానిమేకి మూలమైన బొమ్మల కథలో) ఉందా, లేదా. బాగుందా అన్నది దాని పని కాదు. చకచకా నడుస్తుందా అన్నది అసలే కాదు. మనమేమో ఈ మూడూ దాన్నే అడుగుతాం. 'వదిలేయొచ్చు', 'ఇవి మాత్రం చూడండి' అని పక్కన రాసేవి తయారుచేసినవాళ్ల ఇష్టాయిష్టాలు, అవి మనిషికో రకంగా ఉంటాయి.

ముందు సమయం లెక్క చూద్దాం. వన్ పీస్‌లో ఫిల్లర్ అంతా కలిపినా పదో వంతుకు అటూ ఇటూ. మొత్తం ఏరిపారేసినా మీకు తొమ్మిది వంతులు మిగిలే ఉంటాయి. ఇక్కడ టైమ్ తినేది ఫిల్లర్ కాదు, సాగదీత. ఈస్ట్ బ్లూ కథ లోగ్‌టౌన్ దాకా మాంగాలో 100 చాప్టర్లు, యానిమేలో 53 ఎపిసోడ్లు. అంటే ఎపిసోడ్‌కి దాదాపు రెండు చాప్టర్లు. మీరిప్పుడే చూసొచ్చిన అలబాస్టా 63 చాప్టర్లు, 39 ఎపిసోడ్లు. అక్కడికే కాస్త తగ్గింది కదా. ఇక డ్రెస్‌రోజాకి వెళ్లండి: 700 నుంచి 801 దాకా 102 చాప్టర్లు, యానిమేలో 629 నుంచి 746 దాకా 118 ఎపిసోడ్లు. ఇరవై పేజీలైనా లేని చాప్టర్ ఒక ఎపిసోడ్‌కి కూడా రావట్లేదన్నమాట. నిన్నటి సీన్లు మళ్లీ చూపించడం, ఒక్క దెబ్బ పడేలోపు చుట్టూ ఉన్న పదిమంది మొహాలూ వరసగా చూపించడం, అచ్చం జీడిపాకం. ఫిల్లర్ లిస్ట్‌లో మాత్రం ఈ 118 ఇంచుమించు అన్నీ 'కానన్' (అసలు కథ) అనే ఉంటాయి. అది తప్పేమీ కాదు. లిస్ట్ చేసే పని అదే.

ఇదంతా ఎందుకొచ్చిందంటే, మాంగా 1997 జూలైలో మొదలైంది, యానిమే 1999 అక్టోబర్ 20న. రెండూ వారం వారం వచ్చేవే. వారానికి ఒక చాప్టర్ గీసే మాంగాని, వారానికి రెండు చాప్టర్లు మింగే యానిమే ఎప్పటికైనా అందుకుంటుంది. అప్పుడు రెండే దారులు. సొంత కథ అల్లి కొన్ని నెలలు గడపడం ఒకటి, ఉన్న కథనే నెమ్మదిగా నడపడం ఇంకొకటి. నరూటో, బ్లీచ్ సిరీస్‌లు మొదటి దారి పట్టాయి. వన్ పీస్ ఎక్కువగా రెండోది పట్టింది. అందుకే ఒకదానికి పనికొచ్చిన గైడ్ ఇంకోదానికి అంతగా పనికిరాదు.

బ్లీచ్‌లో మొదటి దారి ఎలా ఉంటుందో చెబుతాను. 167వ ఎపిసోడ్ దాకా పోరాటం మంచి ఊపులో ఉంటుంది. 168 పెట్టగానే ఎవరో కొత్త కెప్టెన్ వచ్చాడని, ఏదో కొత్త కథ. ముందు జరుగుతున్న గొడవ ఊసే ఉండదు. అది 189 దాకా నడిచి, 190లో ఏమీ జరగనట్టు పాత పోరాటం మళ్లీ మొదలవుతుంది. అలాంటి చోట ఫిల్లర్ లిస్ట్ బంగారం. ఒక్క ముక్క: 167 తర్వాత 190. అయిపోయింది.

వన్ పీస్‌లో అంత తేలిగ్గా తేలదు. మీరు త్వరలో చేరబోయే చోటే తీసుకోండి. స్కైపియా 195తో అయిపోతుంది. 196 నుంచి 206 దాకా జీ-8 అనే కథ. మాంగాలో లేదు కాబట్టి పచ్చి ఫిల్లర్. పైన రాత్రి_రెండు_గంటలు చెప్పినట్టు అది ఫ్యాన్స్‌కి ప్రాణం, నాకూ అంతే. పదకొండు ఎపిసోడ్లలో ఎక్కడా సాగదీత ఉండదు. అది అవగానే 207 నుంచి డేవీ బ్యాక్ ఫైట్. ఇది మాంగాలోదే, కానీ చాలామందికి విసుగు పుట్టించేది ఇదే. అందులో కూడా 213–216 యానిమేవాళ్లు అదనంగా కలిపిన ఆటలు. ఆ తర్వాత 220 నుంచి 225 దాకా ఫిల్లర్. 226 సగం సగం. 227, 228 మాత్రం చచ్చినా వదలకూడనివి. ఎందుకో చెప్పను, మీరే చూస్తారు. ఇప్పుడు 'ఫిల్లర్ వదిలేస్తాను' అని లిస్ట్‌ని గుడ్డిగా పట్టుకుంటే జీ-8 పోతుంది, డేవీ బ్యాక్ మిగులుతుంది. 'ఈ చుట్టుపక్కల అంతా బోరంట' అని ఎవరో అన్నది విని 229కి దూకితే 227, 228 కూడా పోతాయి.

మా అక్క నైట్ షిఫ్టులు చేసేటప్పుడు చూడాలని అడిగితే ఒక కాగితం రాసిచ్చాను. అందులో ఎపిసోడ్ పేర్లు లేవు, ఆర్క్ (కథాభాగం) పేర్లు లేవు, అంకెలు మాత్రమే. పక్కన మూడు గుర్తులు: టిక్ అంటే చూడు, గీత అంటే దాటెయ్, చుక్క అంటే ఖాళీ ఉంటే తర్వాతెప్పుడైనా. 264 నుంచి 312 దాకా ఉన్న భాగంలో కాగితం ఇలా ఉంది: '279–283 గీత. 291, 292, 303 చుక్క. మిగతావన్నీ టిక్, ఒక్కటీ వదలకు.' 279–283లో పాత కథల్నే తిరిగి చూపిస్తారు, మీకు ఆ సీన్లు గుర్తుంటే అక్కర్లేదు. 291, 292, 303 అయితే హీరో లఫ్ఫీ వాళ్లందరికీ పాతకాలం జపాన్ వేషాలు వేసి తీసిన సరదా కథలు. విడిగా చూస్తే బాగానే ఉంటాయి. కానీ అవి ఎక్కడొచ్చి పడ్డాయో చూడండి, మొత్తం సిరీస్‌లోనే అందరూ ఊపిరి బిగబట్టి చూసే పోరాటాల మధ్యలో! అందుకే ఆటోప్లే ఆపేసుకోండి. 290 అవగానే మీ ప్రమేయం లేకుండా 291 మొదలైపోతుంది, ఆ టెన్షన్ మొత్తం పాడవుతుంది.

పేర్లు ఎందుకు రాయలేదంటే, వన్ పీస్ ఎపిసోడ్ టైటిళ్లే పెద్ద స్పాయిలర్లు. ఎవరు గెలిచారో, ఎవరు వచ్చారో టైటిల్లోనే చెప్పేస్తారు. యానిమే ఫిల్లర్ లిస్ట్ అనే సైట్‌లో ప్రతి సిరీస్ పేజీకీ పైభాగంలో రకాలవారీగా ఒట్టి అంకెలు ఇస్తారు. అక్కడిదాకా చదివి ఆపేయండి. కిందికి జారితే టైటిళ్ల పట్టిక వస్తుంది. తమ్ముడితో అంకెలు రాయించుకుంటే ఇంకా మంచిది. వాడికి ఎలాగూ అన్నీ తెలుసు కదా, వదలొద్దని వాదించే బదులు ఈ పని చేయమనండి.

రాత్రి_రెండు_గంటలు:

జోరో అన్నా, ఆ కాగితం ఫోటో తీసి పెట్టు, అందరం వాడుకుంటాం.

వారంవారం_చూశా:

నేను కాస్త వేరేగా చెబుతాను. ఆ 118 ఎపిసోడ్లూ వారానికొకటి చొప్పున చూసినవాణ్ణి, కాబట్టి సాగదీత గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు. ఐనా ఇలా ఏరుకుని చూడటంలో ఒక తిరకాసు ఉంది. ఫిల్లర్ లిస్ట్ యానిమేలో అదనంగా ఉన్నదాన్నే చెబుతుంది. లేనిదాన్ని చెప్పదు. మాంగాలో చాప్టర్ మొదటి పేజీలో అప్పుడప్పుడు చిన్నచిన్న కథలు నడుపుతారు, పక్కకు తప్పుకున్న పాత్రలు ఇప్పుడేం చేస్తున్నాయో అని. మీరు చూసిన 46, 47లో బగ్గీ కథ, 68, 69లో కోబీ, హెల్మెప్పోల కథ అలా వచ్చినవే. చూస్తుంటే ఫిల్లర్‌లాగే అనిపిస్తాయి, లఫ్ఫీ కనబడడు కదా. కానీ అవి మాంగా రచయిత ఓడా రాసినవే. అలాంటి కథలు చాలావరకు యానిమేలో పూర్తిగా రాలేదు. తర్వాత ఎవరైనా 'వీడు ఇక్కడికెలా వచ్చాడు' అనిపిస్తే తప్పు మీది కాదు, మీరు ఎపిసోడ్ వదిలేయలేదు. మాంగా కవర్ పేజీలు తిరగేస్తే దొరుకుతుంది.

ఇంకోటి, రోజుకో గంట చూసేవాళ్లకి సాగదీత అంతగా తెలియదు. ఒకేసారి పదేసి ఎపిసోడ్లు చూసేవాళ్లకే రీక్యాప్ చికాకు. నిన్న ఎక్కడ ఆపామో గుర్తుచేయడానికి మీకది పనికొస్తుంది కూడా. వెయ్యి ఎపిసోడ్లంటే భయపడకండి. ఎక్కడికైనా తొందరగా చేరాలా ఏంటి?

గడ్డిటోపీ_కొత్తది:

అందరికీ చాలా థ్యాంక్స్. వారంవారం గారూ, మీరన్నది నిజమే, తొందరేం లేదు. కానీ తమ్ముడు కొత్త ఎపిసోడ్ వచ్చిన రోజు ఇంట్లో ఎగురుతుంటే నేను చెవులు మూసుకుని తిరగాల్సి వస్తోంది. అదీ నా తొందర.

జోరో గారూ, రెండు ప్రశ్నలు. సాగదీసిన చోట ఏం చేయాలి, లిస్ట్ అక్కడ పనికిరాదన్నారు కదా? వన్ పేస్ అంటే దానికేనా? 1.5 స్పీడ్‌లో పెట్టి చూస్తే సరిపోదా? ఇక షిప్పూడెన్ సంగతి.

జోరో_దారి_తప్పాడు:

స్పీడ్ పెంచడం నాకు నచ్చదు. మాటలవరకు పర్వాలేదు గానీ, ఆ సంగీతం ఉంది చూశారూ, పరుగు పెట్టిస్తే దాని ప్రాణం పోతుంది. రీక్యాప్‌నీ పాటనీ దాటేయండి, అది చాలు. 278 దాటాక ఎండింగ్ పాట తీసేసి ఓపెనింగ్‌నే రెండున్నర నిమిషాలకు పెంచారు. దానికి ముందు వెనకా రీక్యాప్, చివర్లో తర్వాతి ఎపిసోడ్ ముక్కలు. ఆ చివరి ముక్కలు మాత్రం తప్పకుండా ఆపేయండి, వాటికన్నా పెద్ద స్పాయిలర్ లేదు.

వన్ పేస్ మీరనుకున్నదే. అది గైడ్ కాదు, ఫ్యాన్స్ చేసిన ఎడిటింగ్. మాంగా పక్కన పెట్టుకుని, అందులో లేనివీ సాగదీసినవీ కత్తిరించి మళ్లీ అతికించారు. పని చాలా శ్రద్ధగా చేస్తారు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ వీడియో హక్కులు వాళ్లవి కావు కాబట్టి మీరు డబ్బు కట్టి చూసే ఏ యాప్‌లోనూ అది ఉండదు. అది నాకు ఇబ్బందే, అందుకే మా అక్కకు ఇవ్వలేదు. అదీకాక మాంగాకి అచ్చంగా దగ్గరగా తేవాలన్న పట్టుదలలో యానిమేవాళ్లు కలిపిన మంచి ముక్కలు కూడా కొన్నిసార్లు ఎగిరిపోతాయి. ఇలా కుదించాలన్న ఆలోచన స్టూడియోకీ వచ్చింది. కొత్త ఎపిసోడ్లకు విరామం ఇచ్చినప్పుడు, 2024 నవంబర్ నుంచి, ఫిష్‌మ్యాన్ ఐలాండ్ కథని 'లాగ్' పేరుతో మళ్లీ ఎడిట్ చేసి 21 ఎపిసోడ్లుగా వేశారు. మొదట అది 517 నుంచి 574 దాకా, 58 ఎపిసోడ్లు. మీరు అక్కడికి వచ్చేసరికి మీ యాప్‌లో అది ఉందేమో చూడండి.

నేను మా అక్కకు చెప్పిన ఉపాయం వేరే. వన్ పీస్ వికీ అని ఫ్యాన్స్ రాసే సైట్‌లో ప్రతి ఎపిసోడ్ పేజీలోనూ అది మాంగాలో ఏ చాప్టరో రాసి ఉంటుంది. ఏ కథైనా నత్తనడక నడుస్తోందనిపిస్తే ఆ నంబర్ చూసి, మధ్య భాగం మాంగాలో చదివేయడం, ముఖ్యమైన పోరాటం రాగానే మళ్లీ యానిమేకి రావడం. నాలుగు ఎపిసోడ్లకు పట్టే టైమ్‌లో ఇరవై చాప్టర్లు చదవొచ్చు. డ్రెస్‌రోజా అక్క అలాగే దాటింది. కానీ వికీలోకి మీరు వెళ్లకండి, తమ్ముణ్ణే పంపండి. అక్కడ ఒక పాత్ర పేరు కొడితే చాలు, మొదటి పేరాలోనే ఆ పాత్ర గుట్టు మొత్తం బయటపెట్టేస్తారు.

షిప్పూడెన్‌కి వస్తే, అక్కడ ఫిల్లర్ లిస్ట్ లేకుండా కూర్చోవద్దు. 500 ఎపిసోడ్లు, 2007 నుంచి 2017 దాకా నడిచింది, అందులో నలభై శాతం పైనే ఫిల్లర్. ముందు పాత నరూటో 220 చూడాలి కదా, అందులో 136 నుంచి 219 దాకా దాదాపు అంతా వదిలేయొచ్చు. షిప్పూడెన్‌లో 57–71, 91–112, 144–151, 223–242 ఇలా గుత్తులు గుత్తులుగా వస్తాయి, పీకేయడం తేలిక. రెండు చోట్ల మాత్రం జాగ్రత్త. 119, 120లో ఉన్నట్టుండి కథ పాత రోజుల్లోకి వెళ్తుంది. అచ్చం ఫిల్లర్‌లా ఉంటుంది, కాదు. దాన్ని వదిలితే వెనక జరిగే పెద్ద విషయం మీకు తాకదు. 349–361 ఫిల్లరే, యుద్ధం మధ్యలో వచ్చి అడ్డం పడుతుంది. కకాషీ అనే పాత్ర మీకు నచ్చితే మాత్రం సిరీస్ అయ్యాక తీరిగ్గా చూడండి, బాగుంటుంది.

మౌరీ_ఏజెన్సీ:

ఒక చిన్న మాట. గైడ్ అంటే ఎప్పుడూ ఏది వదలాలో చెప్పేదే కానక్కర్లేదు. మా డిటెక్టివ్ కోనన్ 1996 జనవరి నుంచి నడుస్తోంది, వన్ పీస్‌లాగే వెయ్యి దాటింది. అందులో చాలా కేసులు విడివిడి కథలు. కాబట్టి మేం తిరగేసి వాడతాం: అసలు కథతో సంబంధం ఉన్నవి ఏవో గుర్తుపెట్టిన లిస్ట్ తీసుకుని అవి మాత్రం వరసగా చూడటం, మిగతావి మూడ్‌ని బట్టి. ఇంకెవరైనా గింటామా చూడాలనుకుంటే మూడో ఎపిసోడ్ నుంచి మొదలుపెట్టండి. మొదటి రెండూ ముందే అందరూ తెలిసినవాళ్ల కోసం తీసినట్టు ఉంటాయి, కొత్తవాళ్లు అక్కడే పారిపోతారు.

గడ్డిటోపీ_కొత్తది:

తమ్ముడితో ఇప్పుడే మాట్లాడాను. అంకెలు రాసిస్తానన్నాడు, కానీ జీ-8కి టిక్ పెడతాననీ, డేవీ బ్యాక్‌కి గీత పెట్టనే పెట్టననీ షరతు. 207 నుంచి 212 దాకా చూడాలట. సరేనన్నాను. 213–216 గురించి ఇంకా బేరం నడుస్తోంది. ఈ రాత్రికి 144.

జోరో_దారి_తప్పాడు:

213–216కి గీతే, నా పేరు చెప్పండి. 144 మొదలుపెట్టాక 152 దాకా అస్సలు దూకకండి. అక్కడ గైడ్ అవసరమే లేదు.